నీట పెరిగిన గంజాయి నిర్దోషి కాదు



గత మాసం ఒక తండ్రి నాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టకుండా అందులోని విషయాన్ని మీ ముందు ఉంచడానికి ఆయన అనుమతించారు. ఇంజనీరింగు పూర్తిచేసి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న ఆయన కుమారుడు తన పడకగదిని ఆనుకొని ఉన్న సామాన్ల గదికి కొన్ని నెలలుగా తాళం వేసి ఉంచుతున్నాడు. కరెంటు బిల్లు రెట్టింపయింది. రాత్రివేళ తలుపు సందులోనుంచి ఊదారంగు వెలుగు కనిపిస్తోంది. అడిగితే, "హైడ్రోపోనిక్స్ నాన్నా, ఆకుకూరలు పెంచుతున్నాను" అన్నాడు. తండ్రి సంతోషించారు. పిల్లలు ఫోనుకు అతుక్కుపోయే ఈ కాలంలో మా అబ్బాయి మొక్కలు పెంచుతున్నాడని బంధువులకు చెప్పుకొన్నారు కూడా. ఒకనాడు తాళం వేయడం మరచిపోయిన వేళ ఆయన లోపలికి వెళ్ళి చూస్తే అక్కడ ఉన్నవి ఆకుకూరలు కావు. పూతకు వచ్చిన నాలుగు గంజాయి మొక్కలు.

నిలదీసిన తండ్రికి ఆ కుమారుడు సిగ్గుపడుతూ జవాబు చెప్పలేదు. వాదించాడు. "బయట దొరికేదానిలో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. ఇది నేను స్వయంగా పెంచినది. మట్టి లేదు, మురికి లేదు. ఇది ప్రకృతి ఇచ్చిన మొక్క. పైగా ఔషధం. ఎన్నో దేశాల్లో ఇళ్ళలోనే పెంచుకుంటున్నారు." తండ్రి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, వాడు చెప్పినదానిలో నిజమెంత?"

ఆయనకు విడిగా జవాబు రాశాను. అయితే ఆ కుర్రవాడి వాదం అతని సొంతం కాదు. విత్తనాలు, దీపాలు, గుడారాలు అమ్ముకొనేవారు అల్లి, వీడియోల ద్వారా ఊరూరా పంచుతున్న వాదం అది. అందుచేత నా జవాబు కూడా అందరి ముందూ ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని దాచుకోను: నీటిసాగు అనే శుభ్రమైన మాట వెనుక నిలబడి గంజాయి తన పాత రూపంకంటె ప్రమాదకరమైన రూపంలో మన ఇళ్ళలోకి వస్తున్నది. శుద్ధం, సహజం, ఔషధం అనే మూడు మాటలూ ఆ ప్రమాదాన్ని మన కంటికి ఆనకుండా చేస్తున్నాయి.

అసలు సంగతి పూతలో ఉంది

మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో మొక్కలను పెంచే విద్య గొప్పదే. 1930లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గెరికె దానికి ప్రచారం తెచ్చారు. 1940లలో మన బెంగాలులోనే షోల్టో డగ్లస్ అనే శాస్త్రవేత్త సామాన్య కుటుంబాలు కూరగాయలు పండించుకొనేందుకు చవకైన పద్ధతిని రూపొందించాడు. ఆ విద్యపై నాకు ఫిర్యాదు లేదు. పాలకూర, టమాటా పెంచే పాఠకులు నిశ్చింతగా పెంచుకోవచ్చు. గంజాయి విషయంలో మాత్రం ఆ విద్య ఎవరి ఆకలినీ తీర్చదు. పూతలోని మత్తును పెంచుతుంది.

ఎలాగో అర్థం కావాలంటే మొక్క స్వభావం కొంచెం తెలియాలి. గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు. మత్తు కలిగించే పదార్థం పేరు టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోనీ అనే రసాయన శాస్త్రవేత్తలు దానిని శుద్ధరూపంలో వేరుచేశారు. ఇది ఆకులలో తక్కువ. ఆడపూలను అంటిపెట్టుకొని ఉండే సన్నని గ్రంథిరోమాల జిగురులో ఎక్కువ. పుప్పొడి సోకని ఆడపువ్వు గింజ కట్టదు, జిగురును పోగుచేసుకొంటూ పోతుంది. ఈ రహస్యం మన దేశానికి కొత్తది కాదు. నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగాఁవ్ ప్రాంతంలో 19వ శతాబ్దంలోనే మగ మొక్కలను గుర్తించి పీకివేయడానికి ప్రత్యేక నిపుణులు ఉండేవారు. వారిని 'గంజాయి డాక్టర్లు' అనేవారట! మా వృత్తి పేరు ఇన్ని విధాల వాడుకలో ఉన్నందుకు సంతోషించాలో లేదో తెలియదు.

మన చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 1985నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత లేదా కాయ దశలో ఉన్న కొనలు. గింజలూ ఆకులూ ఆ కొనలతో కలవకుండా ఉంటే గంజాయి నిర్వచనంలోకి రావు. అంటే రసాయన శాస్త్రం, పాత రైతు అనుభవం, చట్టం మూడూ ఒకే మాట చెబుతున్నాయి: ప్రమాదం పూతలో ఉంది. గదిలో దీపాల కింద సాగు చేసేవాడి లక్ష్యం కూడా ఆ పూతే. అతను ఎంచుకొనే విత్తనం, వెలుగు, ఎరువు అన్నీ దానికోసమే. ఆ పద్ధతిని నేనిక్కడ వివరించబోవడం లేదు. దాని ఫలితాన్ని మాత్రం చెబుతాను.

అమెరికాలో పట్టుబడిన గంజాయి నమూనాలలో టీహెచ్‌సీ సగటు 1995లో సుమారు 4 శాతం. 2014 నాటికి సుమారు 12 శాతం. నాలుగు గోడల మధ్య సాగులో ఆరితేరిన నెదర్లాండ్స్‌లో, అక్కడి కాఫీ షాపులలో అమ్మే స్వదేశీ గంజాయిలో 2000లో సుమారు 9 శాతం ఉన్న టీహెచ్‌సీ కేవలం నాలుగేళ్ళలో 20 శాతానికి చేరింది. తర్వాత కొంత తగ్గింది. ఆ ఏళ్ళలో గంజాయి సమస్యతో మొదటిసారి చికిత్సకు వచ్చినవారి సంఖ్య లక్ష జనాభాకు 7 నుంచి 26కు పెరిగింది. బలం పెరిగిన కొన్నేళ్ళకు చికిత్స అవసరమైనవారు పెరిగారు, బలం తగ్గాక వారూ తగ్గడం మొదలైంది. ఇది కాకతాళీయమని వాదించవచ్చు. కాని మందు మోతాదుకూ దాని ఫలితానికీ ఉన్న సంబంధం ఎరిగిన వైద్యుడెవరూ అలా తేలికగా తోసిపుచ్చలేడు.

కల్లు తాగే అలవాటున్నవాడికి అదే లోటాలో సారా పోసి ఇచ్చి, "రెండూ చెట్టు నుంచి వచ్చినవే" అంటే మీరు ఒప్పుకొంటారా?

"శుద్ధం" అన్న మాట

సరే, బలం సంగతి అటుంచి, కనీసం శుభ్రమైనదైనా కావాలి గదా అంటారు. చూద్దాం.

మూసిన గది, నిరంతరం తేమ, దట్టమైన పూగుత్తులు: బూజుకు ఇంతకంటె అనుకూలమైన చోటు మరొకటి లేదు. పూగుత్తి లోపల పెరిగే బూజు పైకి కనిపించకపోవచ్చు. ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రాల బీజాలు పొగతో పాటు నేరుగా ఊపిరితిత్తులలోకి వెళతాయి. 2016నాటి వైద్యబీమా రికార్డులను పరిశీలించిన అమెరికా ఆరోగ్య పరిశోధకులు గంజాయి వాడేవారిలో శిలీంధ్ర వ్యాధులు సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా నమోదైనట్లు తేల్చారు. మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి. ఎందుకంటే "నొప్పికి మంచిది" అంటూ ఈ పొగను ముందుగా సిఫారసు చేసేది అటువంటి రోగులకే.

బూజు పట్టకుండా మందు కొడితే? ద్రాక్షతోటలలో వాడే మైక్లోబ్యుటానిల్ అనే శిలీంధ్రనాశిని ఉంది. కడుక్కొని తినే పండుపై మిగిలిన అవశేషం ఒక సంగతి. దానినే నిప్పుపై కాల్చితే విషపూరితమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువు వెలువడుతుంది. కెనడాలో ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఉత్పత్తిదారుల సరుకులోనే ఈ మందు బయటపడి, సరుకును వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ప్రయోగశాల, తనిఖీ అధికారి, లైసెన్సు అన్నీ ఉన్నచోట అలా జరిగితే, సామాన్ల గదిలో పరీక్షించేదెవరు?

ఇక లోహాలు. ఈ మొక్కకు నేలలోని భారలోహాలను పీల్చుకొనే గుణం ఎంత ఎక్కువంటే, కలుషిత భూములను శుద్ధి చేయడానికి దీని జాతినే నాటిన సందర్భాలున్నాయి. వేళ్ళు మట్టిలో ఉన్నా నీటిలో ఉన్నా ఆ గుణం మారదు. నీటిలో, చవకరకం ఎరువులవణాలలో, తొట్టెలో, గొట్టంలో ఏముంటే దానిని తీసుకొంటుంది. అమెరికాలో జరిగిన, 2023లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పొగాకు ముట్టకుండా గంజాయి మాత్రమే వాడేవారి రక్తంలో సీసం 27 శాతం, కాడ్మియం 22 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మట్టి అంటలేదు కనుక శుద్ధమనడం, కంటికి మురికి కనిపించని నీళ్ళన్నీ తాగడానికి పనికివస్తాయని అనడం వంటిదే. మన నల్లగొండ ఫ్లోరైడు నీరు కూడా చూడటానికి స్వచ్ఛంగానే ఉండేది.

"సహజం" అన్న మాట

ఎండ లేదు, వాన లేదు, గాలి లేదు, నేల లేదు. సూర్యుడికి బదులు దీపం, గాలికి బదులు ఫ్యాను, భూమికి బదులు రసాయన లవణం. దీనిని సహజమనడానికి మనసెలా ఒప్పుతుంది? అమెరికాలో ఇంటిలోపలి గంజాయి సాగు ఆ దేశపు మొత్తం విద్యుత్తులో సుమారు 1 శాతాన్ని తినేస్తున్నదని 2012లోనే ఒక శాస్త్రజ్ఞుడు లెక్కకట్టాడు. ఇలా పెంచిన 1 కిలో ఎండుపూతకు రెండు వేల కిలోలకు పైబడి, కొన్నిచోట్ల ఐదు వేల కిలోల దాకా, బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాలు వెలువడతాయని 2021లో మరొక పరిశోధన తేల్చింది.

"మన పూర్వులు వాడలేదా? శివరాత్రికి భంగు తాగరా?" అనేవారూ ఉన్నారు. భంగు ప్రధానంగా ఆకుతో చేసేది. దానికీ ఇరవై శాతం టీహెచ్‌సీ ఉన్న పూతకూ మొక్క ఒక్కటే, మోతాదు ఒక్కటి కాదు. 1893-94 నాటి గంజాయి విచారణ సంఘం మితమైన వాడకం పెద్దగా హాని చేయదని చెప్పిన మాట కూడా నిజమే, నేను దానిని దాచను. కాని ఆ సంఘమే అతివాడకం హానికరమన్నది, సాగుపై అమ్మకంపై అదుపు ఉండాలన్నది. పైగా వారు చూసినది ఆనాటి సరుకును. నేటి సరుకుకు ఆనాటి ధ్రువపత్రాన్ని తగిలించడం న్యాయం కాదు.

"ఔషధం" అన్న మాట

ఈ మొక్కలో ఔషధగుణాలు ఉన్నాయి. కాదన్నవాడు వైద్యుడు కాడు. ఇందులోని కెన్నాబిడియాల్ అనే పదార్థంతో చేసిన మందును కొన్ని అరుదైన, మొండి మూర్ఛవ్యాధులకు అమెరికా ఔషధ సంస్థ 2018లో అనుమతించింది. కీమోథెరపీ వల్ల కలిగే వాంతులకు టీహెచ్‌సీ ఆధారిత మాత్ర 1985 నుంచీ ఉంది. అయితే ఆ సీసాపై మిల్లీగ్రాములు రాసి ఉంటాయి. ఏ రోగికి, ఎంత, ఎన్నాళ్ళు, ఏ మందుతో కలపరాదు అన్నది రాసి ఉంటుంది. మూర్ఛకు పనికివచ్చిన కెన్నాబిడియాల్ మత్తు కలిగించదు. మత్తు కోసం పెంచే రకాలలో ఉండేది ప్రధానంగా టీహెచ్‌సీ, కెన్నాబిడియాల్ బహుస్వల్పం. ఒకదాని మంచిపేరును మరొకదానికి అంటగట్టడం మోసం.

1785లో విలియం విదరింగ్ అనే ఆంగ్ల వైద్యుడు ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకు గుండెజబ్బులో పనిచేస్తుందని లోకానికి వివరించాడు. నేను నా వృత్తిజీవితమంతా ఆ జాతి మొక్కనుంచి వచ్చిన డిజాక్సిన్ రాశాను. రోజుకు పావు మిల్లీగ్రాము! దానికి కొంచెం ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. ఏ గుండెరోగికీ "ఆ మొక్కను బాల్కనీలో పెంచుకొని ఆకు నమలండి" అని నేను చెప్పలేదు. మొక్కను మందుగా మార్చేది మోతాదు. మోతాదు తెలియని మొక్క మందు కాదు.

"దేశదేశాలు ఒప్పుకొన్నాయి" అన్న మాట

ఇది అన్నిటికంటె బలంగా వినిపించే వాదం. కనుక ఒక చోటి చరిత్రను కొంచెం వివరంగా చెబుతాను.

ఆస్ట్రేలియాలోని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 1987లో ఒక ఉదార విధానాన్ని ప్రవేశపెట్టింది. ఇంట్లో సొంతానికి 10 మొక్కల వరకు పెంచుకొంటే క్రిమినల్ కేసు లేదు, జరిమానా కట్టి బయటపడవచ్చు. సదుద్దేశంతో చేసిన పని అది. కుర్రవాళ్ళు జైళ్ళ పాలు కాకూడదనే ఆలోచనలో దోషం లేదు. అయితే దీపాల కింద, నీటిలో పెంచే విద్య వచ్చాక 10 మొక్కలు అనే లెక్కకు అర్థం మారిపోయింది. ఆరుబయట ఏడాదికి ఒకే పంట వస్తుంది. గదిలో రుతువులతో పనిలేదు, ఏడాదికి పలు పంటలు తీయవచ్చు. సొంత వాడకానికని ఇచ్చిన వెసులుబాటు వ్యాపారుల చేతికి చిక్కింది. ప్రభుత్వం 1999లో 10 మొక్కలను 3 చేసింది. 2001లో 1 చేసింది. 2002లో నీటిసాగు గంజాయిని ఆ వెసులుబాటు నుంచి పూర్తిగా తొలగించింది. అంతటితో ఆగక, నీటిసాగు పరికరాలు అమ్మే దుకాణాలను లైసెన్సు కిందికి తెస్తూ 2009లో ప్రత్యేక చట్టమే చేసింది.

ఆ దేశ రాజధాని కాన్‌బెర్రా ప్రాంతం 2020లో ఇంట్లో మొక్కలు పెంచుకోవడాన్ని అనుమతించింది: మనిషికి 2, ఇంటికి 4. కాని అక్కడి చట్టం కూడా నీటిసాగును, కృత్రిమ సాగును నిషేధించింది. చూశారా? ఇంటి మొక్కను క్షమించినవారు కూడా గదిలో దీపం కింద పెరిగిన మొక్కను క్షమించలేదు. "ఆస్ట్రేలియాలో పెంచుకుంటున్నారు" అని చెప్పే వీడియో ఈ రెండవ వాక్యాన్ని చెప్పదు.

2022లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితానుంచి తీసివేసిన థాయిలాండ్ కూడా మూడేళ్ళకే, 2025లో, వైద్యుని చీటీ లేనిదే పూత అమ్మరాదని వెనక్కు తిరిగింది. ఈ మధ్య హైడ్రోపోనిక్ గంజాయి అన్న మాట మన పత్రికలలో తరచుగా కనిపించడానికి బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాలలో పట్టుబడుతున్న సరుకే ముఖ్యకారణం.

అడిలైడ్ కొండలలో వాంతులు, నా ఆసుపత్రిలో ఒక తప్పు

దక్షిణ ఆస్ట్రేలియా కథ ఇంకా పూర్తికాలేదు. ఆ రాష్ట్ర రాజధాని అడిలైడ్ పక్కనున్న కొండప్రాంతపు వైద్యులు ఒక వింత రోగాన్ని గమనించారు. పదేపదే, ఆగకుండా వాంతులు. కడుపునొప్పి. పరీక్షలన్నీ సవ్యం. రోగి మాత్రం గంటల తరబడి వేడినీటి స్నానం చేస్తుంటాడు, వేడినీరు పడినంతసేపే ఉపశమనం. అందరిలోనూ ఉన్న సామాన్య లక్షణం ఏళ్ళ తరబడి గంజాయి వాడకం. 2004లో వారు 10 మంది రోగుల వృత్తాంతాన్ని ప్రచురించారు. మానినవారిలో ఏడుగురికి వాంతులు ఆగాయి. మానని ముగ్గురికి ఆగలేదు. మాని, మళ్ళీ మొదలుపెట్టినవారికి తిరిగి వచ్చాయి. అలా ఒక కొత్త వ్యాధి వైద్యశాస్త్రంలో చేరింది. గంజాయి వాంతులను ఆపుతుందని మాత్రమే తెలిసిన మాకు, అది వాంతులను కలిగిస్తుందని అప్పుడు తెలిసింది.

తెలిసినా నేను గుర్తించలేదు. పదవీవిరమణకు కొన్నేళ్ళ ముందు ఒక యువకుణ్ణి వాళ్ళమ్మ పలుమార్లు నావద్దకు తీసుకొచ్చింది. ఆగని వాంతులు. సెలైన్ ఎక్కించాను, ఎండోస్కోపీ రాశాను, గ్యాస్ట్రైటిస్ అన్నాను, మందులు మార్చాను. "బాత్‌రూములోనే ఉంటాడయ్యా, గీజరు కట్టనివ్వడు" అని ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను, పట్టించుకోలేదు. మర్యాదస్థుల ఇంటి కుర్రవాణ్ణి "గంజాయి వాడతావా బాబూ" అని అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. చివరకు శరీరంలో నీరు, లవణాలు పడిపోయి మూత్రపిండాలు దెబ్బతిన్న స్థితిలో మరొక ఆసుపత్రికి చేరితే, అక్కడి ఒక యువవైద్యురాలు మొదటి పూటే ఆ ప్రశ్న అడిగింది. కుర్రవాడు బతికాడు. ఆ ఘనత నాది కాదు. నా మొహమాటానికి మూల్యం ఆ తల్లి చెల్లించింది. ఈ వ్యాసంలో మొహమాటం లేకుండా రాయడానికి అది కూడా ఒక కారణం.

మనసు సంగతి

శరీరం కోలుకోవచ్చు. మనసు చెదిరితే కూడగట్టడం కష్టం.

అతిశయోక్తి చెప్పను. గంజాయి తాగిన ప్రతివాడికీ పిచ్చెక్కదు. చాలామందికి ఎక్కదు. కాని ఎవరికి ఎక్కుతుందో ముందుగా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. స్వీడన్‌లో సైన్యానికి ఎంపికైన 45 వేలమందికి పైగా యువకులను 15 ఏళ్ళపాటు పరిశీలించి 1987లో ప్రకటించిన ఫలితాలలో, 50 సార్లకు మించి గంజాయి వాడినవారికి స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం 6 రెట్లు కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకొన్నాక ఆ నిష్పత్తి తగ్గింది కాని చెరిగిపోలేదు. 2019లో ఐరోపాలోని పలు నగరాలు, బ్రెజిల్ కలిపి జరిగిన అధ్యయనం మన విషయానికి మరింత దగ్గర. అందులో 10 శాతానికి మించి టీహెచ్‌సీ ఉన్నదానిని బలమైన గంజాయిగా పరిగణించారు. అటువంటి దానిని రోజూ వాడేవారికి తీవ్రమానసిక వ్యాధి సోకే అవకాశం, ఎన్నడూ వాడనివారితో పోలిస్తే దాదాపు 5 రెట్లు. బలమైన గంజాయి ఆమ్‌స్టర్‌డాంలో లేకపోయి ఉంటే అక్కడి కొత్త కేసులలో సగం తప్పేవని ఆ పరిశోధకుల అంచనా.

ఇదే నా వాదానికి ఆయువుపట్టు. ఇంట్లో దీపాల కింద పెంచేది ఆ 10 శాతం గీతను దాటించడానికే. ఎంత శ్రద్ధగా పెంచితే అంత ప్రమాదం. మామిడిలో, మల్లెలో రైతు నైపుణ్యం మనకు మేలు చేస్తుంది. ఇక్కడ నైపుణ్యమే శత్రువు.

వయసు సంగతి కూడా చెప్పాలి. మెదడు సుమారు 25 ఏళ్ళ దాకా రూపుదిద్దుకొంటూనే ఉంటుంది. అలవాటుకు బానిసలయ్యేవారు వాడినవారిలో సుమారు పదిమందికి ఒకరని, కౌమారంలో మొదలుపెట్టినవారిలో ఆరుగురికి ఒకరని అంచనాలున్నాయి. గదిలో మొక్క ఉన్నవాడికి సరుకు అయిపోవడం, డబ్బులు లేకపోవడం వంటి సహజమైన విరామాలు కూడా ఉండవు. మానాలనుకొన్న రోజున కూడా మొక్క పూస్తూనే ఉంటుంది.

ఇంట్లో పసివాళ్ళు ఉంటే మాట మరీ తీవ్రం. అమెరికాలో ఆరేళ్ళలోపు పిల్లలు గంజాయి కలిపిన తినుబండారాలు పొరపాటున తిన్నట్లు విషచికిత్సా కేంద్రాలకు అందిన ఫిర్యాదులు 2017లో 207. 2021లో 3,054. పెద్దలు "ఇంట్లోనే గదా" అని నిశ్చింతగా ఉన్న ఇళ్ళవే ఈ లెక్కలు.

చట్టం తలుపు తడితే

మన దేశంలో గంజాయి మొక్కను అనుమతి లేకుండా పెంచడం నేరం. 10 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. "కొద్దిగానే ఉంది" అన్న మాట దగ్గర ఉంచుకొన్న సరుకుకు శిక్ష తగ్గించవచ్చునేమో గాని, పెంపకానికి ఆ మినహాయింపు లేదు. నాలుగు మొక్కలు అన్నది సమాధానం కాదు. తెలిసీ తన ఇంటిని అందుకు వాడుకోనిచ్చిన యజమాని కూడా శిక్షార్హుడే. నాకు ఉత్తరం రాసిన తండ్రి ఆ గదిలోకి వెళ్ళిన క్షణం నుంచి, తెలియదని చెప్పుకొనే అవకాశాన్ని కూడా కోల్పోయారు.

విదేశాలలో చదువుకొంటున్న మన పిల్లలకు ఒక మాట. అమెరికాలో మీరున్న రాష్ట్రం అనుమతించినా, కేంద్ర చట్టం దృష్టిలో గంజాయి ఇంకా నియంత్రిత పదార్థమే. వీసా ఇచ్చేది రాష్ట్రం కాదు, కేంద్రం. పక్కగదిలోని అమెరికా పౌరుడికి మామూలు విషయం మీకు దేశబహిష్కరణ కావచ్చు.

తల్లిదండ్రులకు, యువకులకు

తల్లిదండ్రులారా, గదికి ఎప్పుడూ తాళం, అగరుబత్తీల వాసన, కారణం లేకుండా పెరిగిన కరెంటు బిల్లు, కుర్రవాడిలో నిర్లిప్తత, అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం కనిపిస్తే కళ్ళు మూసుకోకండి. కొట్టకండి, పదిమందిలో పరువు తీయకండి. "ఇంట్లోనే ఉన్నాడు, బయట తిరగడం లేదు" అని సంతృప్తి పడకండి. మొక్కలు కనిపిస్తే న్యాయవాదినీ మనోవైద్యుణ్ణీ ఒకే రోజున కలవండి. మద్యం, మత్తుమందుల అలవాటుకు సలహా ఇచ్చే జాతీయ సహాయ కేంద్రం నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. రెండూ ఉచితమే. కేవలం వాడకం, లేదా కొద్ది సరుకు విషయంలో స్వయంగా చికిత్సకు వచ్చేవారికి మన చట్టంలోనే రక్షణ ఉంది. పెంపకానికి అది వర్తించదు. కనుక ఆలస్యం చేసేకొద్దీ దారులు మూసుకొంటాయి.

యువమిత్రులారా, మీకు మొక్కలంటే ఇష్టమైతే నాకు ఆనందం. గదిలో దీపాలు, తొట్లు అమర్చి, నీటి గుణాన్ని కొలిచి, నెలల తరబడి ఓపికగా సాకే మీ తెలివి సామాన్యమైనది కాదు. ఆ తెలివిని మీ సొంత మెదడుపై ప్రయోగించకండి. మీకు ఈ దారి చూపిన వీడియోవాడు దీపం అమ్ముకొన్నాడు, విత్తనం అమ్ముకొన్నాడు. మీకు వాంతులు పట్టుకొన్న రాత్రి అతను రాడు. గొంతులు వినిపించడం మొదలైన రాత్రి అసలే రాడు. ఆ రాత్రి మీ మంచం పక్కన కూర్చొనేది మీ అమ్మ.

సాటి వైద్యులారా, మొహమాటపడకండి. ఆ ప్రశ్న అడగండి.

ఆ తండ్రికి నేను రాసిన జవాబు చేరింది. కుమారుణ్ణి వైద్యుని వద్దకు తీసుకువెళతానన్నారు. తీసుకువెళ్ళారో లేదో ఇంకా తెలియలేదు. వారి తదుపరి ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాను.

ఆరోగ్యమస్తు.